వాగులో మొదటి కాలు

సాయంత్రం పట్టిన చేపల్ని పంజరంలోకి వదిలే ముందు వల్దెనోర్ రెండు తొట్లలోకీ తొంగి చూశాడు. ఒకటి అతని భార్య ఒస్మరీనాది, రెండోది తమ్ముడి కొత్త పెళ్ళాం జుసిలేనీది. ఒస్మరీనా తొట్టిలో చేపల మధ్యనుంచి అడుగు కనిపిస్తోంది. జుసిలేనీ తొట్టిలో అడుగు మాట దేవుడెరుగు, నీళ్ళే కనిపించడం లేదు. కొరిదోరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మీసాలు ఆడిస్తున్నాయి.

“ఇయాళ కూడా మరదలు పిల్లదే పైచెయ్యి,” అన్నాడు.

అతని మాటలో ఏ దురుద్దేశమూ లేదు. ఏ మాట ఎవరి ముందు అనకూడదో మగవాళ్ళకి తెలిసి ఉంటే లోకంలో సగం కాపురాలు గొడవల్లేకుండా సాగేవి. ఒస్మరీనా తన తొట్టిని తనే ఎత్తి, పడవ పక్కన తేలుతున్న వలపంజరంలోకి ఒంపింది.

“కొత్తొక వింత, పాతొక రోత,” అంది.

“ఏంటి?”

“నిన్ను కాదు. చేపలతో అంటున్నా.”

బొటనవేలంత చేప ఈ కొరిదోరా. పొలుసులు ఉండాల్సిన చోట ఒంటికి అటూ ఇటూ రెండు వరసల పెంకు పలకలు, రెక్కల దగ్గర సూదుల్లాంటి ముళ్ళు. వాగు అడుగున ఇసుకలో మూతి పెట్టి తిండి వెతుక్కుంటూ, మధ్యమధ్యలో చటుక్కున పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి, మళ్ళీ కిందికి పోతుంది. దాన్ని ఇక్కడ ఎవరూ తినరు. లాంచీలో బార్సెలోస్ ఊరు దాటి, ఎక్కడెక్కడి చలిదేశాలకో పోయి అద్దాల పెట్టెల్లో బతుకుతుంది. రియో నెగ్రో నదిలో పుట్టిన నీలం గీత చేపకి ఊళ్ళో ఏటా పండగ చేసి పాటలు కట్టి పాడతారు. కొరిదోరాకి ఇంతవరకూ ఎవరూ ఒక్క పాట కట్టలేదు. ఆ సంగతి మీద కూడా ఒస్మరీనాకి కోపమే. మెరిసేవాటిని చూసినంతగా పనిచేసేవాటిని ఎవరూ చూడరని ఆమె అభిప్రాయం.

జవారీ వాగులో పొద్దున్నే మొదటి కాలు పెట్టే హక్కు ఆమెది. ఎండాకాలం చేపలు పట్టడానికి ఒడ్డున వేసుకున్న ఆ మకాంలో అందరికంటే మంచి చెయ్యి ఎవరిదైతే వాళ్ళే ముందు దిగుతారు, మిగతావాళ్ళు వెనక నడుస్తారు. అత్త దెవుజా మోకాళ్ళు వాచి గట్టెక్కిన ఏడు ఆ కాలు ఒస్మరీనాకి ఇచ్చింది. అప్పటినుంచీ పదకొండు ఎండాకాలాలు ఆమె ముందు ఎవరూ ఆ నీళ్ళు కదిపింది లేదు. ఇప్పుడు రొట్టెల దుకాణంలో పనిచేసి వచ్చిన ఇరవై రెండేళ్ళ పిల్ల, చేప మూతికీ తోకకీ తేడా తెలిసి నెల తిరగని పిల్ల, వరసగా అయిదో రోజు తొట్టి నింపింది.

జుసిలేనీ తన చేపల్ని పంజరంలోకి వదలలేదు. ముందు తొట్టిలో నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోసింది. కొరిదోరాకి పట్టుకోగానే కోపమొస్తుంది, ఒంట్లోంచి విషం కక్కి నీళ్ళని నురగ చేస్తుంది. ఆ నురగలోనే ఉంచితే తన విషానికి తనే చచ్చి తెల్లారేసరికి వెల్లకిలా తేలుతుంది. అందుకని నీళ్ళు మార్చాలి. ఈ సంగతి తోడికోడలికి ఒస్మరీనా చెప్పలేదు. చెప్పడం మర్చిపోయానని తనకి తను చెప్పుకుంది. కానీ ఆ పిల్ల మొదటి రోజే ఆమె చేతులకేసి చూసి, ఏమీ అడక్కుండా, తనూ నీళ్ళు మార్చింది. ఒస్మరీనా రెండుసార్లు మారిస్తే అది మూడుసార్లు మార్చింది.

“నీళ్ళేమన్నా మీ పుట్టింటినుంచి తెచ్చావా, అట్టా పోస్తున్నావ్?” అంది ఒస్మరీనా.

“పాపం, ఊపిరాడక కొట్టుకుంటన్నాయక్కా.”

“పాపమంట.”

జుసిలేనీ నవ్వింది. ఒస్మరీనా తన తొట్టి బోర్లించి వెళ్ళిపోయింది.

మంగళవారం ఆమె అందరికంటే ముందు లేచి, వల భుజాన వేసుకుని, కాఫీ కూడా తాగకుండా వాగులో దిగింది. తొడల దాకా నీళ్ళు. నల్లని నీళ్ళే అయినా పొద్దున పూట పక్కనుంచి వెలుగు పడినప్పుడు అడుగున కుళ్ళిన ఆకులూ, వాటి మధ్య తెల్లని ఇసుకా కనిపిస్తాయి. కొయ్యచట్రానికి బిగించిన చేతివలని అడుగుకి ఆనించి, కాలితో ఆకుల్ని నెమ్మదిగా కదిపి, బెదిరిన చేపని వలలోకి మళ్ళించాలి. తొందర పనికిరాదు. ఈ మాట అత్త ఆమెకి వెయ్యిసార్లు చెప్పింది, ఆమె వెయ్యిమందికి చెప్పింది.

అయినా ఆ రోజు ఆమె కాళ్ళు మాట వినలేదు. వెనకనుంచి జుసిలేనీ నీళ్ళలో దిగిన చప్పుడు వినబడగానే పెద్ద పెద్ద అంగలు వేసింది. ముందున్న చోటంతా తనదే కావాలి. అది అడుగు పెట్టేలోపు తను ఊడ్చెయ్యాలి. ఆకులు లేచి నీళ్ళు మడ్డయ్యాయి. వల ఎత్తితే పట్టుమని పది చేపలు లేవు. ఒకటి ముల్లు తాళ్ళలో బిగించుకుని ఉంది. వెనక్కి లాగకూడదు, నీళ్ళలోనే ఉంచి ముందుకి తొయ్యాలి. తెలిసి తెలిసీ విసురుగా వెనక్కి లాగింది. ముల్లు వేలిలో దిగింది.

“అక్కా, ఇటు చూడు,” అని వెనకనుంచి పిలిచింది జుసిలేనీ. దాని వలలో చిటచిటమని గుత్తులు గుత్తులుగా చేపలు.

ఒస్మరీనా చూడలేదు. వేలు నోట్లో పెట్టుకుని చీకుతూ గట్టెక్కింది. కర్రపెండలం రవ్వ వేయించే వాసన మకాంలోంచి వచ్చింది. రోజూ వచ్చే వాసనే. ఒక్కసారిగా నోట్లో నీళ్ళూరి, తాటిచెట్టు చాటుకి పోయి వంగి, ఖాళీ కడుపుతో కక్కుకుంది. తలెత్తేసరికి జుసిలేనీ పక్కన నిలబడి ఉంది, కాయచిప్పలో మంచినీళ్ళూ, రెండో చేతిలో పుల్లటి కాము-కాము పళ్ళూ పట్టుకుని.

“ఇయి నోట్లో వేసుకో, తగ్గిపోద్ది.”

“నాకేం కాలేదు. పరగడుపున నీళ్ళలో దిగా, అంతే.”

“సర్లే, తిను.”

తిన్నది. బాగున్నాయి. ఇంకో నాలుగు తిన్నది. తింటున్నంతసేపూ ఆ పిల్ల తన మొహం చూడకుండా తన నడుముకేసి చూస్తోందని గమనించి, తడిసిన గౌను కిందికి లాక్కుంది. లావెక్కానని చూస్తోంది, ముసలిదాన్నయ్యానని చూస్తోంది అనుకుంది. నలభై రెండేళ్ళు. ఊళ్ళో ఉన్న కూతురికి నిరుడు కొడుకు పుట్టాడు. వానలు వెనకపట్టిన దగ్గర్నుంచి నెల తప్పడం కూడా మొదలైంది. వయసు వచ్చి మీద కూర్చుంటే చెయ్యి పడిపోక ఏమవుతుంది అని భయపడింది. ఆ భయం ఎవరికీ చెప్పుకునేది కాదు, అందుకే అదంతా కోపంగా మారింది.

ఆ మధ్యాహ్నమే ఆమెకి కావలసింది దొరికింది. ఎండలో ఆరేసిన తన చేతివలని జుసిలేనీ దాటుకుంటూ వెళ్ళింది. చుట్టూ తిరిగి వెళ్ళలేదు, నేరుగా మీదనుంచే కాలు ఎత్తి వేసింది.

నదిలో బతికేవాళ్ళందరికీ తెలిసిందే. కడుపుతో ఉన్న ఆడది వలని దాటినా, ముట్టుకున్నా ఆ వలకి పనేమా పడుతుంది. పనేమా పడ్డ వలకి చేప రాదు, పనేమా పట్టిన మనిషి చెయ్యి ఏ నీళ్ళలో పెట్టినా ఖాళీగానే పైకి వస్తుంది. ఒస్మరీనాకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ పిల్ల మధ్యాహ్నం పూట ఉయ్యాల్లో పడుకుంటుంది. దాని సంచీ నిండా పుల్లపళ్ళు. పెళ్ళై నాలుగు నెలలు. ఇంకేం కావాలి? తన చెయ్యి పడిపోలేదు, వయసు మీద పడలేదు, ఈ పిల్ల కడుపు తన వలమీద పడింది. ఆ ఆలోచన రాగానే పొద్దుటినుంచీ ఉన్న వికారం కూడా తగ్గినట్టనిపించింది.

ఆ మాట వెంటనే అనలేదు. బుధవారం ఒక రోజంతా మాగనిచ్చింది. ఆ రోజు కూడా తన తొట్టి సగం, దానిది నిండా. గురువారం పొద్దువాలే వేళ అందరూ రవ్వా చారూ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు అత్తవైపు తిరిగింది.

“అత్తా, మన మకాంలో కడుపుతో ఉన్న మనిషి వాగులో దిగొచ్చా?”

దెవుజా పళ్ళు లేని నోటితో చేపముక్క చప్పరిస్తోంది. “ఎప్పుడన్నా దిగిందా? నేను నలుగుర్ని కన్నా, నాలుగుసార్లూ ఒడ్డునే కూర్చున్నా.”

“మరి నా వలకి పనేమా ఎందుకు పట్టింది? నా వలని దాటింది ఎవరు?”

అందరూ జుసిలేనీ వైపు చూశారు. దాని మొగుడు ఎరోనీల్దో చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“ఏంటి, నిజమా?” అన్నాడు, సగం సంతోషంగా, సగం కంగారుగా.

“లేదు,” అంది జుసిలేనీ. “నాకేం లేదక్కా. మొన్నే బయట కూర్చున్నా.”

“ఏ ఆడది మొదట్లో ఒప్పుకుంటది? పగలు నిద్దర, పుల్లపళ్ళు. నాకు కళ్ళు లేవా?”

“ఆ పళ్ళు నాకంటే నువ్వే ఎక్కువ తిన్నావు గదక్కా.”

వల్దెనోర్ కిసుక్కున నవ్వి, భార్య చూపు చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

“నేను ఒకళ్ళని అనట్లా,” అంది ఒస్మరీనా. “పద్ధతి అడుగుతున్నా. కడుపుతో ఉన్నది ఎవరైనా సరే, ఈ మకాంలో ఉండగూడదు. ఎల్లుండి శనివారం లాంచీ వస్తది. దాన్లో దిగి ఊరికి పోవాల. లేకపోతే ఈ ఏడు మనందరికీ చేతులు పడిపోతాయి.”

“ఎవరైనా సరేనా?” అని అడిగింది దెవుజా.

“ఎవరైనా సరే. నీ కూతురైనా సరే.”

ముసలమ్మ పెద్దకోడలివైపు చూసి, ముల్లు ఊసి, శనివారం లాంచీ వచ్చేలోపు వలలకీ మనుషులకీ పొగ వేస్తానంది. అప్పటిదాకా చిన్నకోడలు నీళ్ళలో దిగొద్దంది. జుసిలేనీ నోరు తెరిచి ఏదో అనబోయి, ఒస్మరీనా నడుముకేసి మరోసారి చూసింది. గిన్నెలు ఏరుకుని కడగడానికి వాగువైపు వెళ్ళిపోయింది.

శుక్రవారం వాగంతా ఒస్మరీనాదే. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. వల్దెనోర్ తొట్లు పెట్టుకుని పడవలో వెనకే వస్తున్నాడు. ఆమె ఈల వేసుకుంటూ దిగింది. మొదటిసారి వల ఎత్తింది, ఎనిమిది. రెండోసారి, అయిదు. మూడోసారి ఆకులూ, ఒక ఎండ్రకాయా. ఎండ నడినెత్తికొచ్చేసరికి తొట్టి అడుగు కూడా నిండలేదు.

“నేనొకటి చెప్పనా, కొట్టవుగా?” అన్నాడు వల్దెనోర్.

“చెప్పు.”

“ఈ మధ్య నువ్వు మరీ విసురుగా నడుస్తున్నావు. నీ కాళ్ళకి బెదిరి చేపంతా నీ చుట్టూ తిరిగి వెనక్కి పోతంది. ఇక్కణ్ణుంచి నాకు బాగా కనిపిస్తంది. రోజూ ఆ పిల్ల నీ వెనకాల మడ్డ నీళ్ళలో వల పెట్టి ఊరికే నిలబడేది. నువ్వు తోలినియ్యన్నీ దాన్లో పడేయి. ఇయాళ వెనకాల ఎవరూ లేరు, అంతా వాగులో కలిసిపోయింది.”

ఒస్మరీనా నీళ్ళలో నిలబడిపోయింది. అంటే ఇన్ని రోజులుగా ఆ పిల్ల తొట్టి నింపింది తన కాళ్ళేనన్నమాట. ఎంత కుళ్ళుకుంటే అంత వేగంగా నడిచింది, ఎంత వేగంగా నడిస్తే దాని వలలోకి అంత చేపని తోలింది. తెలిసినవాళ్ళకెవరికైనా ఇది చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు.

“మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“చెబితే వింటావా? అది నీ వెనకుంది కాబట్టే వేగంగా నడుస్తున్నావాయె.”

“అయితే పనేమా లేదంటావా?”

“నేనేమీ అనట్లేదు. పొగ వేస్తానందిగా అమ్మ.”

సాయంత్రం ఆ పిల్ల దగ్గరికి పోయి, ఊరికి పోవద్దని ఒక మాట అనాలనుకుంది. అది బట్టలు మడిచి సంచీలో సర్దుకుంటోంది. చెయ్యని నేరానికి ఏడుపూ లేదు, తిట్టూ లేదు. ఆ నెమ్మది చూసేసరికి ఒస్మరీనా అనాలనుకున్న మాట మానుకుంది. పోనీ, ఊరికి పోతే దానికే సుఖం, రొట్టెల దుకాణంలో నీడపట్టున ఉంటుంది అనుకుని వచ్చేసింది.

శనివారం పొద్దున దెవుజా నిప్పుల మీద చెట్టుబంకా, గుప్పెడు ఎండుమిరపకాయలూ వేసింది. ముందు వలలు పొగలో తిప్పింది. తర్వాత మగాళ్ళు వంతులవారీగా నిలబడి దగ్గి, కళ్ళు తుడుచుకుంటూ బయటకొచ్చారు. జుసిలేనీ నిలబడింది, తుమ్మింది, బయటకొచ్చింది.

“నువ్వు రా,” అంది అత్త.

“నాకెందుకు? పట్టించింది నేను కాదుగా.”

“పట్టింది నీకేగా. రా.”

ఒస్మరీనా పొగలో నిలబడింది. పది లెక్కపెట్టేదాకా ఓర్చుకుంది. పన్నెండో లెక్క దగ్గర స్పృహ తప్పి పడిపోయింది. కళ్ళు తెరిచేసరికి ఆరుబయట నేలమీద ఉంది, తల జుసిలేనీ ఒడిలో. అత్త అరచెయ్యి ఆమె పొత్తికడుపు మీద ఆనించి ఉంది. ఆ చెయ్యి నది పొడవునా ఎంతమంది బిడ్డల్ని పట్టిందో ఆమెకే లెక్క తెలీదు.

“ఎన్నో నెల?” అని అడిగింది దెవుజా.

“ఏం నెల? ఆగిపోయింది అత్తా. వయసు.”

“వయసుకి రొమ్ములు ఇట్టా బరువెక్కవు. నాలుగో నెల నడుస్తంది. గురువారం నీకు చెబుదామనుకున్నా. ఎవరైనా సరే అని అంత గట్టిగా అన్నావు, నీ చేత్తోనే తేలనీ అని ఊరుకున్నా.”

వల్దెనోర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అమ్మమ్మ అయినదాన్ని, ఊళ్ళోకి ఏ మొహంతో పోతాను అనుకుంది ఒస్మరీనా. ఆ వెంటనే అంతకంటే పెద్దది తట్టింది. పనేమా అంటూ ఉంటే తెచ్చింది తనే, వలకీ వాగుకీ మొగుడికీ. తీర్పు చెప్పింది కూడా తనే. పైకి చూసింది. తన మీదకి వంగి ఉన్న మొహంలో ఆశ్చర్యం లేదు.

“నీకు తెలుసు,” అంది.

“మంగళవారమే తెలిసింది. మా అమ్మకి నా తర్వాత ఆరుగురు. నాకా తెలీంది?”

“గురువారం నిన్ను అంత మాటన్నప్పుడు నోరెందుకు తెరవలేదే?”

“తెరిస్తే నిన్ను నీళ్ళలో దిగనియ్యరుగా. వాగు లేకపోతే నువ్వేం చేస్తావు? నేనంటే ఊరికి పోయి రొట్టెలు కాల్చుకుంటా.” జుసిలేనీ ఆమె నుదుటి మీద తడి జుట్టు వెనక్కి తోసింది. “నీ వెనక నడిచా కాబట్టి నాలుగు చేపలు పడ్డాయి గాని, నాకేం వచ్చక్కా.”

ఒస్మరీనా లేచి కూర్చుంది. ఆ పిల్ల తనని దెప్పి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకుని రచ్చకీడ్చినా బాగుండేది. దెబ్బకి దెబ్బ అయితే ఆమెకి అలవాటే.

లాంచీ పదింటికి వచ్చింది. చేపల తొట్లన్నీ ఎక్కించాక, జుసిలేనీ సంచీ పెట్టాల్సిన లాంచీ బల్ల మీద ఇప్పుడు ఒస్మరీనా సంచీ పెట్టారు. ఉండమని ఎవరూ అనలేదు. తను చెప్పిన పద్ధతి తనకి లేదంటే ఆ మకాంలో ఇంకెప్పటికీ ఆమె మాటకి విలువుండదు, అది అందరికీ తెలుసు. వల్దెనోర్ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. నెలకోసారి వస్తానన్నాడు. సోమవారం మొదటి కాలు ఎవరిదో ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన పని కూడా లేదు.

తాడు విప్పేటప్పుడు జుసిలేనీ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఒక్క మాట కూడా చెప్పనని ఒస్మరీనా పళ్ళు బిగించుకుని కూర్చుంది. కానీ అది సోమవారం వాగులో దిగి, తెలీక, తన పదకొండేళ్ళ ఇసుకని కుళ్ళబొడిచి పెడుతుందని తలుచుకునేసరికి ఉండబట్టలేకపోయింది.

“ఇదుగో, వంగిన చెట్టు దగ్గర ముందు వల పెట్టు, తర్వాతే కాలు కదుపు.”

“సరేనక్కా.”

“రెండో మలుపులో ఎడంపక్క దిగొద్దు, ముళ్ళకర్ర ఉంది. పొద్దెక్కాక నీడవైపుకి పో. పిల్లచేపలు పడితే అక్కడికక్కడే వదిలెయ్. పరిగెత్తమాక.”

“ఇంకేమన్నా ఉందా?”

“లేదు. అంతే.”

ఒకటుంది. పడిపోయిన మాను వెనక, వాగులో నీళ్ళు బాగా తగ్గినప్పుడు చేపంతా వచ్చి చేరే మడుగు. అది వల్దెనోర్‌కి కూడా చూపించలేదు. మిగతావన్నీ ఇచ్చేశాను, అదొక్కటి నాకు ఉండనీ, మళ్ళీ ఏడు వచ్చేసరికి ఏదో ఒకటి నాదని ఉండాలిగా అనుకుంది. తప్పనిపించలేదు.

ఇంజను అందుకుంది. లాంచీ మూతి నదివైపు తిరిగింది. జుసిలేనీ రెండు చేతులూ నోటిచుట్టూ పెట్టుకుని, ఆ చప్పుడు మీదుగా చెప్పింది.

“అక్కా, ఆ పడిపోయిన మాను వెనక మడుగు జోలికి మాత్రం నేను పోనులే. నువ్వొచ్చేదాకా అట్టాగే ఉంటది.”

ఒస్మరీనా బల్ల అంచు పట్టుకుంది. ఎప్పుడు చూసిందో. వెనకే నడిచింది, చూడకేం చేస్తుంది. చూసి, ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అందులో వల ముంచలేదు. అదే తనైతే, అలాంటి మడుగు కంటపడ్డ రోజునే ఆఖరి చేపదాకా ఊడ్చి, తొట్టి తెచ్చి అందరి ముందూ పెట్టేది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒడ్డున ఆ పిల్ల ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. మంచితనంలో కూడా ఇదే నన్ను మించాలా అని ఒస్మరీనాకి ఒళ్ళు మండిపోయింది.